1.2 ఎవరికి నార్మల్?



మన్రో దొర చనిపోయింది పత్తికొండలోనే అని ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. దత్తమండలాలకు ఒకప్పుడు కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరయిన మనిషి. దేశం విడిచి వెళ్లేముందు ఈ సీమను ఒకసారి చూసి పోదామని వచ్చాడు. ఇక్కడ కలరా సోకింది. 1827 జులై 6న కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకంగా ప్రభుత్వం ఈ ఊళ్లో మెట్లబావి కట్టించి, చెట్లతోపు వేయించింది. కిడ్నీల గురించి చెప్తానని వచ్చి ఈ కథ ఎందుకు ఎత్తుకున్నానంటే, మీరు ఇవాళ ల్యాబులో చేయించుకునే కిడ్నీ పరీక్షల పుట్టుక ఆ ఏడాదితోనూ, ఆ జబ్బుతోనూ ముడిపడి ఉంది.

అదే 1827లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి డాక్టరు రిచర్డ్ బ్రైట్ ఒక పుస్తకం వేశాడు. ఒళ్లు వాచి వచ్చిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి దీపం మీద కాచి చూస్తే, కొందరిది తెల్లగా గడ్డకట్టేది. అది రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రొటీను. అలాంటివాళ్లు చనిపోయాక పరీక్షిస్తే కిడ్నీలు చెడిపోయి కనిపించాయి. ఇంకో నాలుగేళ్లకు, 1831 చివర్లో, ఇంగ్లండులో కలరా చెలరేగినప్పుడు ఓషానెసీ అనే 22 ఏళ్ల కుర్ర డాక్టరు రోగుల రక్తం తీసి పరీక్షించాడు. రక్తంలో నీళ్లూ ఉప్పూ బాగా తగ్గిపోయాయని, మూత్రం ఆగిపోయినవాళ్ల రక్తంలో యూరియా నిలిచిపోయిందని రాశాడు.  అతను రాసింది చదివి, 1832లో స్కాట్లండులో థామస్ లాటా అనే డాక్టరు ఉప్పునీళ్లను నేరుగా నరంలోకి ఎక్కించి కొందరిని బతికించాడు. ఇప్పుడు వాంతులు, భేదులు అనగానే మనం పెట్టించుకునే సెలైన్ బాటిల్ మొదలైంది అక్కడే. మన్రో పోయి అప్పటికి అయిదేళ్లు.

పోవాల్సిన మలినం రక్తంలో నిలిచిపోవడం, ఉండాల్సిన ప్రొటీను మూత్రంలో జారిపోవడం. కిడ్నీ పరీక్షలు ముఖ్యంగా పట్టుకునేవి ఈ రెండే. రెండోదాన్ని మనవాళ్లు దాదాపుగా మరిచిపోయారు, దాని దగ్గరికి వస్తాను.

రిపోర్టులో యూరియా ఒక్కటే చూసి భయపడొద్దు. మాంసం, పప్పు బాగా తిన్నా, ఒంట్లో నీళ్లు తగ్గినా అది పెరుగుతుంది. తిండి సరిగా లేనివాళ్లలో కిడ్నీ చెడినా పెద్దగా పెరగకపోవచ్చు. ఇంకో తిరకాసు ఉంది. కొన్ని ల్యాబులు యూరియా అని ఇస్తాయి, కొన్ని అందులోని నైట్రోజన్ మాత్రమే కొలిచి బీయూఎన్ అని ఇస్తాయి. యూరియా 30 ఉన్న మనిషికే బీయూఎన్ 14 వస్తుంది. ఒకచోట 30, ఇంకోచోట 14 చూసి జబ్బు సగానికి తగ్గిందని సంతోషపడేవాళ్లున్నారు.

అందుకే మేం ఎక్కువగా నమ్మేది క్రియాటినిన్‌ను. ఇది కండ నుంచి పుడుతుంది, ఒక మనిషిలో రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో. కిడ్నీలు దాన్ని వడకట్టి బయటికి పంపుతాయి. 1886లో జాఫే అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పిక్రిక్ ఆమ్లంతో కలిపితే అది నారింజ రంగుకు తిరుగుతుందని కనిపెట్టాడు. ఆ రంగును కొలిచే పద్ధతే నేటికీ చాలా ల్యాబుల్లో వాడుకలో ఉంది. షుగరు మరీ పెరిగి ఒంట్లో కీటోన్లు చేరితే ఆ రంగు మోసం చేసే అవకాశం ఉంది. ముందు రోజు రాత్రి మాంసం గట్టిగా తిన్నా అంకె కాస్త పైకి పోతుంది.

ఇప్పుడు అసలు మాట. రిపోర్టులో క్రియాటినిన్ పక్కన 0.7 నుంచి 1.3 అని రాసి ఉంటుంది. మన అంకె ఆ మధ్యలో ఉంటే మడిచి జేబులో పెట్టుకుంటాం. కానీ అది పుట్టేది కండ నుంచి కదా! మూటలు మోసే 25 ఏళ్ల కుర్రాడికి 1.2 వచ్చింది, 65 ఏళ్ల బక్కపలచని పెద్దమ్మకూ 1.2 వచ్చింది అనుకుందాం. వయసు, ఆడామగా తేడా కలిపి కిడ్నీ వడపోత ఎంత ఉందో లెక్కకట్టే సూత్రం ఉంది, దాన్ని ఇ-జీఎఫ్‌ఆర్ అంటారు. 2021లో సవరించిన సూత్రంతో లెక్కవేస్తే కుర్రాడికి 86 వస్తుంది, పెద్దమ్మకు 50. అంటే ఆమె కిడ్నీలు నిమిషానికి 50 మిల్లీలీటర్లే వడకడుతున్నాయి. 60 కంటే తక్కువ మూడు నెలలకు పైగా ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనే అంటాం. ఒకే అంకె, ఒకరిని ఇంటికి పంపాలి, ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడాలి.

దీనికంటే పెద్ద విషయం ఇంకోటుంది. 55 ఏళ్ల మగమనిషిని తీసుకోండి. క్రియాటినిన్ 0.8 ఉన్నప్పుడు ఆయన వడపోత 105. అది 1.6 అయ్యేసరికి 51. సగం పోయింది! అదే మనిషికి తర్వాత 4 నుంచి 5కు పెరిగితే వడపోత 17 నుంచి 13కు వస్తుంది, పోయింది నాలుగే. ఇంట్లోవాళ్లు అందరూ కదిలివచ్చేది మాత్రం 4 అయిదు అయినప్పుడు. 0.8 ఒకటింబావు అయినప్పుడు ఎవరికీ పట్టదు. బుడ్డల చేనులో పదిమంది కలుపు తీస్తుంటే, ఇద్దరు లేచిపోయినా మిగతావాళ్లు ఆ సాళ్లు కూడా లాక్కొస్తారు, గట్టు మీది రైతుకు తెలియదు. కిడ్నీల్లోని వడపోత గుత్తులూ అంతే. అవి ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షలుంటాయి. కొన్ని రాలిపోతే మిగతావి ఎక్కువ పనిచేస్తాయి. నొప్పి ఉండదు, మూత్రం కూడా మామూలుగానే వస్తుంది. "బాగానే పోతోంది కదా డాక్టరుగారూ, కిడ్నీ ఎట్లా చెడిపోతుంది?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు కడుపులో దేవినట్లుంటుంది, అప్పటికే చాలా దూరం పోయి ఉంటుంది.

కాబట్టి మీ అంకెను పక్కన అచ్చేసిన హద్దుతో కాదు, మీ పాత అంకెతో పోల్చండి. వీలైతే ఒకే ల్యాబులో చేయించండి.

ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు చేసిన పరీక్ష మాత్రం మళ్లీ చేయించాలి. సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోయేవాళ్లు, వేసవిలో ఉపాధి పనికి పోయేవాళ్లు, ఎండకు ఎండి సాయంత్రం ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ మాత్రో సూదో వేయించుకుంటారు. ఇది చాలా ప్రమాదం. నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ తనలోకి వచ్చే రక్తనాళాన్ని తెరిచిపెట్టుకుని ఎలాగో నెట్టుకొస్తుంది. నొప్పి మాత్ర ఆ నాళాన్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. మన్రో కాలంలో కలరా ఒంట్లో నీళ్లు లాగేసేది, ఇప్పుడు ఎండ లాగేస్తోంది, దానిమీద మాత్ర మనమే వేసుకుంటున్నాం. ఇలా పెరిగిన క్రియాటినిన్ త్వరగా గుర్తిస్తే చాలావరకు వెనక్కి వస్తుంది. నెలల తరబడి రోజూ మింగితే రాదు. బీపీకి ఇచ్చే టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మాత్రలకు కూడా మొదట్లో క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. అవి కిడ్నీని కాపాడే మందులు, ఎవరో చెప్పారని మీరుగా ఆపేయొద్దు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినే ఉంటారు. కవిటి, సోంపేట ప్రాంతాల్లో షుగరు, బీపీ లేని రైతులూ కూలీలూ ఎందరో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు పాలయ్యారు. కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. అక్కడ చాలామందికి మొదట్లో మూత్రంలో ప్రొటీను పెద్దగా కనబడదు, రక్త పరీక్షే పట్టిస్తుంది.

మన దగ్గర ఎక్కువగా చూసేది షుగరువల్ల వచ్చే జబ్బు. అందులో వరుస తిరగబడి ఉంటుంది. క్రియాటినిన్ కదలడానికి ఏళ్ల ముందే మూత్రంలో ఆల్బుమిన్ జారడం మొదలవుతుంది. బ్రైట్ చెంచాలో కాచి చూసినదాన్నే ఇప్పుడు మిల్లీగ్రాముల్లో కొలుస్తున్నాం. మూత్రంలోని గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటితే హెచ్చరిక. షుగరున్న ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారి రక్తంతోపాటు మూత్రం కూడా ఇవ్వండి. ఆ దశలో పట్టుకుంటే జబ్బును ఏళ్లకొద్దీ నెమ్మదింపజేసే మందులు మా దగ్గర ఉన్నాయి.

జబ్బు ముదిరినవాళ్లకు పొటాషియం ముఖ్యం. 3.5 నుంచి 5 దాకా ఫరవాలేదు. బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు. అలాంటివాళ్లు కొబ్బరినీళ్లు, మన టమాటా కూడా డాక్టరును అడిగే తీసుకోవాలి. అయితే పల్లెలో తీసిన రక్తం బస్సులో కుదుపులు తిని కర్నూలు చేరేసరికి కణాలు పగిలి, లేని పొటాషియం ఉన్నట్టు చూపిస్తుంది. అంకె ఉన్నట్టుండి పెరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లి గుండె పట్టీ (ఈసీజీ) తీయించి, రక్తం మళ్లీ ఇవ్వండి.

ఏ అంకె దగ్గర డయాలసిస్ అని చీటీలు వచ్చాయి. అంకె ఒక్కటే చూసి పెట్టం. వడపోత 15 కిందికి దిగినా తిండి సయించి, ఆయాసం లేకుండా, పొటాషియం అదుపులో ఉంటే ఆగుతాం. వాంతులు, ఆయాసం, మత్తు మొదలైతే ఆగం. డయాలసిస్‌కు ప్రభుత్వ పథకం ఉంది, డబ్బులేదని ఎవరూ ఇంట్లో కూర్చోవద్దు.

రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు వరుసగా రండి. నిన్నటిది ఒక్కటే కాదు, బీరువాలో, సంచిలో ఉన్న పాతవన్నీ ఇవ్వండి. ముందు పాతవే చూస్తాను.