మట్టిబొమ్మకు లోహకాంతి



బంగారువన్నె కొఱకు వస్తువంతయు బంగారము కానక్కరలేదు, పైపొర చాలును. ఎమ్మిగనూరు నేతవారికి ఈ రహస్యము నేను చెప్పవలసినది కాదు. 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘమును స్థాపించిన ఊరది. మేలి జలతారు పోగును విప్పి చూడుడు: లోపల పట్టునూలు, దానిపై చుట్టిన వెండితీగ, తీగమీద పలుచని బంగారుపూత. పూర్వము కర్నూలు మండలములోని నొస్సము పనివారును ఉబ్బెత్తు లక్కపనికి పేరొందిరి. బొమ్మల కొలువునకు బొమ్మలు చేయు ఆదోని సోదరీమణులు ఈ విద్యనే క్రొత్త మట్టికి వర్తింపజేయవచ్చును.

ఈ పాలిమర్ మట్టి నిజమునకు మన్ను కాదు. పాలీవినైల్ క్లోరైడు పొడిని, దానిని మెత్తపఱచు ద్రవముతో కలిపి చేసిన ముద్ద. ఎండలో ఆఱదు, సుమారు 130 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో గట్టిపడును.

లోహకాంతి తెచ్చుటకు నేనెఱిగిన మార్గములు మూడు. మొదటిది అభ్రకపు పొడి. మనవారు అభ్రకమును కాకిబంగారమనుట ఊరకే కాదు. కాల్చకమునుపు ముద్ద కొంచెము జిగటగా నుండును గనుక, మెత్తని కుంచెతో అద్దిన పొడి జిగురు లేకయే పట్టును. రెండవది రేకు. పచ్చిముద్దపై రేకు నదిమి, దొర్లుడుకఱ్ఱతో మెల్లగా సాచినచో రేకు పగిలి పాతనగవలె చారలు తేలును. చౌకరేకు రాగి, తుత్తునాగముల మిశ్రమము. గాలి సోకి మాసిపోవును గనుక కాల్చిన పిదప వార్నీషు పూయవలెను. మూడవది, కాల్చిన బొమ్మకు లోహపు రంగు వేసి, ఆఱిన పిమ్మట నల్లరంగు రుద్ది వెంటనే గుడ్డతో తుడుచుట. పల్లములలో నలుపు నిలుచును, మెఱకలు మెఱయును. కొత్తబొమ్మ తాతలనాటి కంచుబొమ్మవలె దోచును.

ఇక జాగ్రత్తలు. పొట్లముపై వ్రాసిన వేడిని మించరాదు. మాడిన ఈ ముద్దనుండి హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెడలును. అది కన్నులకు, ఊపిరితిత్తులకు చేటు. కావున కుమ్మరి ఆవములో దీనిని పెట్టనేరాదు. పొడి అద్దునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. పిల్లలను దూరముగా నుంచుడు.

అన్నింటికంటె ముఖ్యమైన మాట యొకటి. ఈ ముద్ద నీటిలో కరగదు. దీనితో చేసిన వినాయకుని, లోహపు రంగు పూసిన ఏ విగ్రహమునైనను, తుంగభద్ర దిగువకాలువలో కలుపవలదు. ఆ నీరు పొలములకును, మన దప్పికకును వచ్చునది. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలియు నిమజ్జన విగ్రహములకు సహజమైన మట్టినే వాడుమని సూచించినది. నిమజ్జనమునకు కుమ్మరి చేసిన రంగులేని బంకమట్టి విగ్రహమును కొనుడు. ఆ కుటుంబమునకు కూడు, కాలువకు క్షేమము. మెఱుగుల బొమ్మ కొలువుమెట్లపై నుండనిండు. పండుగ ముగిసిన పిదప పెట్టెలో దాచుకొన్నచో మఱుసటి యేటికిని మెఱయును.