ఆ తల్లి ఉసురు నా బిడ్డకు తగులుతుందా?

పొలం గట్టుమీద ఉండి వింటున్నవారు, వంట చేసుకుంటూ వింటున్నవారు, మంచము దిగలేక వింటున్నవారు, కాసేపు నాతోకూడ ఉండండి.

ఒక తమ్ముడు వ్రాసిన ఉత్తరము నా చేతికి వచ్చింది. పేరు, ఊరు చెప్పను. ట్రాక్టరు నడుపుకొని బ్రతికేవాడు. వరికోతల రోజుల్లో కళ్ళములో ట్రాక్టరు వెనక్కి తీస్తుంటే, ట్రాలీ వెనుక ఆడుకుంటున్న మూడేళ్ళ పసివాడు చక్రము క్రింద పడ్డాడు. అక్కడికక్కడే ప్రాణము పోయింది. కేసు నడిచింది, కొట్టివేశారు. "కోర్టు నన్ను వదిలిపెట్టింది గాని ఆ తల్లి పెట్టిన కేక నన్ను వదలడం లేదు అయ్యగారూ" అని వ్రాశాడు. ఇప్పుడు అతనికొక పాప. పాపకు జ్వరము వచ్చిన ప్రతిసారీ ఇరుగుపొరుగువారు, తెలిసి ముట్టినా తెలియక ముట్టినా నిప్పు కాల్చక మానదు అంటున్నారట. ఒక పెద్దమ్మ దశరథ మహారాజు కథ కూడా చెప్పిందట. "నేను కావాలని చేయలేదు. అయినా ఇది నా కర్మలో చేరుతుందా? ఆ తల్లి ఉసురు నా బిడ్డకు తగులుతుందా?" ఇదీ అతని ప్రశ్న.

మీతో నిజము చెప్పాలి. నేను మొదట ఒక కార్డుమీద, "నీ తప్పేమీ లేదు తమ్ముడూ, సమాధానముగా ఉండు" అని వ్రాశాను. తిరిగి చదువుకుంటే నాకే నచ్చలేదు. అంత తేలికైతే అతను ఈపాటికి నిద్రపోవలసింది గదా! ఆ కార్డు టపాలో వేయలేదు.

ముందు ఆ పెద్దమ్మ చెప్పిన కథ చూద్దాం. రాత్రివేళ సరయూ నది ఒడ్డున కుండ మునిగే శబ్దము విని, ఏనుగు అనుకొని దశరథుడు బాణము వేశాడు. తగిలింది ఒక మునికుమారుడికి. ఆ గ్రుడ్డి తల్లిదండ్రులు పెట్టిన శాపము మన ఊళ్ళల్లో అందరికీ గుర్తే. కాని వాల్మీకి చెప్పిన దానిలో ఇంకొక మాట ఉంది. దశరథుడు పారిపోలేదు. ఆ పిల్లవాడు ముంచుకోవడానికి తెచ్చుకున్న కుండతోనే నీళ్ళు పట్టుకొని, దప్పికతో ఉన్న ఆ వృద్ధుల దగ్గరకు తానే నడిచి వెళ్ళి, జరిగినది తన నోటితో చెప్పుకున్నాడు. శాపము గుర్తుపెట్టుకున్నాము, ఆ నడక మరచిపోయాము. దానికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము, 5వ వచనము తెరవండి. ఇద్దరు పొరుగువారు కట్టెలు కొట్టడానికి అడవికి వెళ్ళారు. ఒకడు గొడ్డలి ఎత్తాడు. పిడినుండి గొడ్డలి ఊడి రెండవవానికి తగిలింది, వాడు చనిపోయాడు. పగ లేదు, పన్నాగము లేదు. ఇతడిని నరహంతకుడని చంపకూడదు అంటున్నాడు దేవుడు. వాని కోసము ఆరు ఆశ్రయపురములు ఏర్పాటు చేయించాడు. యొర్దానుకు ఇవతల కెదెషు, షెకెము, హెబ్రోను; అవతల బేసెరు, రామోతు, గోలాను. దారులు కూడా సిద్ధము చేయమన్నాడు. పారిపోయి వచ్చినవాడిని ఊరి పెద్దలు లోపలికి చేర్చుకొని చోటివ్వాలి. మన దేవుడు ఎంత దయగలవాడో చూశారా?

కాని గమనించండి, "నీవు కావాలని చేయలేదు, ఇంటికి పో" అని మాత్రము ఆయన అనలేదు. ప్రధానయాజకుడు చనిపోయేవరకు వాడు ఆ పట్టణములోనే ఉండాలి. సొంత పొలము, సొంత ఇల్లు విడిచి ఉండాలి. ఎందుకు? అక్కడ ఒక ఇంట్లో ఒక మనిషి లేడు. గొడ్డలి తనంతట తాను ఊడింది నిజమే, చనిపోయినవాడు చనిపోయినదీ నిజమే. దేవుడు రెండు నిజాలనూ చేతిలో పట్టుకున్నాడు. మనమైతే ఒకటి పట్టుకొని రెండవది జారవిడుస్తాము.

అదే గ్రంథము 22వ అధ్యాయములో, ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని ఆజ్ఞ ఉంది. ఎవరైనా పడితే "నేను త్రోయలేదు" అంటే చాలదు. తమ్ముడూ, ఆ రోజు దిగి వెనుక చూశావా లేదా నీవు వ్రాయలేదు. నేను తీర్పు తీర్చడం లేదు. ప్రభువు దగ్గర మాత్రము ఆ సంగతి దాచవద్దు.

ఇక పాప సంగతి. ఇశ్రాయేలీయులలో కూడా ఒక సామెత ఉండేది, తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్ళు పులిసిపోయాయని. యెహెజ్కేలు 18వ అధ్యాయములో దేవుడు ఆ సామెత ఇక మీ నోట రాకూడదన్నాడు. కుమారుడు తండ్రి దోషము మోయడు. నీ పాపకు వచ్చినది జ్వరము. ఆసుపత్రికి తీసుకొని వెళ్ళు. ఆ తల్లి దుఃఖమును నీ బిడ్డమీదికి వచ్చే దెబ్బగా చూడకు, అది ఆమెను కూడా అవమానించడమే. ఆమె ఏడుస్తున్నది తన కొడుకు కోసము.

ప్రధానయాజకుని మరణముతో ఆ నరహంతకుడు ఇంటికి వెళ్ళగలిగాడు అన్నాను గదా. మన ప్రధానయాజకుడు సిలువమీద మరణించి ఉన్నాడు. ఏమి చేస్తున్నారో ఎరుగనివారి కోసమే ఆయన అక్కడ తండ్రిని క్షమాపణ వేడుకున్నాడు. ఎరగక చేసినదానికి క్షమాపణ అక్కర లేకపోతే ఆ ప్రార్థన దేనికి? కాబట్టి నీకు దారి తెరిచి ఉంది.

నాకు ఈ సంగతి ఎలా తెలిసింది? ఒక కృతజ్ఞతకూటములో హన్నాను గూర్చి ప్రసంగిస్తూ, విశ్వాసముతో అడిగినవారి ఊయల దేవుడు ఖాళీగా ఉంచడని గట్టిగా చెప్పాను. అందరూ "హల్లెలూయా" అన్నారు. మూడవ వరుసలో పదకొండేళ్ళుగా పిల్లలు లేని ఒక అక్క ఉంది. తరువాత ఆమె మందిరానికి రాలేదు. కారణము నా భార్య చెబితేగాని నాకు తెలియలేదు. "నా ఉద్దేశము అది కాదు" అని నాలుగు నెలలు నాకు నేను చెప్పుకున్నాను. చివరికి వాళ్ళ ఇంటికి వెళ్ళి, తప్పుగా మాట్లాడానక్కా అన్నాను. క్షమించానని ఆమె అనలేదు. లేచి లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

తమ్ముడూ, నీ ఉత్తరములో ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో వ్రాశావు. ఆ గుమ్మము ఎన్నిసార్లు ఎక్కావో వ్రాయలేదు. ఒంటరిగా వెళ్ళకు, సంఘపెద్దను ఒకరిని తోడు తీసుకో. "కావాలని చేయలేదు" అని మొదలుపెట్టకు, ఆ మాట వారికి తెలుసు. బాబు పేరు పలుకు. వారు తిడితే విను. తలుపు వేస్తే తిరిగి వచ్చి, మరొక రోజు వెళ్ళు. నాకు వ్రాయి.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లిని, నిద్ర పోగొట్టుకున్న ఈ తమ్ముడిని నీ సన్నిధిలో పెడుతున్నాము. అతను ఆ వీధిలో నడిచే రోజున తోడుగా ఉండు. ఆ పాప జ్వరము తగ్గించు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.