గంజాయి టెంటు ఆశలు: రైతుకు మిగిలేదేమిటి?

(సంఘం మండల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల గురించి, పంటల బీమా గురించి మాట్లాడాల్సిన చోట ఈయన గంజాయి సంగతి ఎత్తాడేమిటని కొందరు అనుకోవచ్చు. కారణం చెబుతాను. మొన్న మా ఊళ్లో ఒక కౌలు రైతు కొడుకు, డిగ్రీ చదివినవాడు, ఫోన్లో ఒక వీడియో చూపించాడు. విదేశంలో ఎవరో గదిలో చిన్న టెంటు వేసి, దీపాలు పెట్టి గంజాయి పెంచుతున్నాడు. "బాబాయ్, నాలుగడుగుల చోటు చాలట. మిర్చిలో పోయిన డబ్బు రెండు కాపుల్లో వచ్చేస్తుందట. ఇంట్లో పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

తిట్టి పంపేయవచ్చు. కానీ ఆ కుర్రాడి చేత ఆ మాట అనిపించింది అప్పు. అప్పుల్లో ఉన్నవాడిని తిడితే లాభం లేదు. అందుకే కూర్చోబెట్టి లెక్క చెప్పాను. అదే లెక్క ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ టెంటు సంగతి. అది గుడ్డతో చేసిన బీరువా లాంటిది. లోపల వెలుతురు వృథా కాకుండా మెరిసే పూత ఉంటుంది. పైన ఎల్‌ఈడీ దీపం, వేడిని బయటికి లాగే ఫ్యాను, వాసన పట్టే బొగ్గు ఫిల్టరు, కింద కుండీలు. అంతే. మనకు సూర్యుడు ఉచితంగా ఇచ్చే ఎండను, పొలం మీద ఊరికే వీచే గాలిని అక్కడ డబ్బు పెట్టి కొంటున్నారు. ఆరు నెలలు చలి ఉండే దేశాల్లో పుట్టిన పద్ధతి ఇది.

లెక్క చూడండి. 300 వాట్ల దీపం మొక్క ఎదిగే రోజుల్లో 18 గంటలు వెలగాలి. అంటే రోజుకు 5.4 యూనిట్లు. పూత దశలో 12 గంటలు, అంటే 3.6 యూనిట్లు. రెండు నెలలు అది, రెండు నెలలు ఇది అనుకున్నా ఒక కాపుకు దీపానికే 540 యూనిట్లు. ఇది పంపుసెట్టుకిచ్చే ఉచిత కరెంటు కాదు, ఇంటి మీటరు. వాడకం పెరిగేకొద్దీ శ్లాబు మారి యూనిట్ ధర కూడా పెరుగుతుంది. ఫ్యాన్ల ఖర్చు వేరు. మన మే నెల ఎండలకు ఏసీ కూడా కావాలి. వానాకాలం తేమకు పూతకు బూజు పడితే నాలుగు నెలల కష్టం చెత్తకుప్ప పాలు. అమెరికాలో దేశం మొత్తం వాడే కరెంటులో సుమారు ఒక శాతం ఇలా గదుల్లో గంజాయి పెంచడానికే పోతోందని 2012లో ఇవాన్ మిల్స్ అనే పరిశోధకుడు అంచనా వేశాడు.

"మరి అక్కడ చట్టం ఒప్పుకుంటోందిగా" అంటారు. నిజమే, కొన్నిచోట్ల ఒప్పుకుంటోంది. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లు ఒక్కొక్కరు మూడు మొక్కలు ఇంట్లో పెంచుకోవచ్చు. కాలిఫోర్నియాలో 2016 నాటి ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత ఇంటికి ఆరు మొక్కల దాకా అనుమతి ఉంది. అయితే ఇవి సొంత వాడకానికి మాత్రమే. ఇంట్లో పెంచింది అమ్మితే అక్కడా నేరమే. వీడియోలో ఈ ముక్క చెప్పరు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకూ ఒక మాట చెప్పండి. రాష్ట్రం ఒప్పుకున్నా అక్కడి కేంద్ర చట్టం ఇంకా ఒప్పుకోదు. వీసా మీద ఉన్నవాళ్లు ఇందులో వేలు పెడితే వీసాకే ఎసరు.

లైసెన్సు తీసుకుని అమ్ముకున్న రైతులైనా బాగుపడ్డారా? కాలిఫోర్నియా ఉత్తరాన హంబోల్ట్, మెండొసినో, ట్రినిటీ అనే కొండ కౌంటీలున్నాయి. తరాలుగా గంజాయి మీద బతికిన చిన్న రైతులు అక్కడివాళ్లు. చట్టబద్ధం అయితే తమకు మంచి రోజులొస్తాయని నమ్మారు. పెద్ద కమతాలకు మొదటి అయిదేళ్లు లైసెన్సు ఇవ్వబోమని ప్రజలకు చెప్పారు కూడా. తీరా 2017 చివర్లో నిబంధనలు రాసేటప్పుడు, ఒకే కంపెనీ ఎన్ని చిన్న లైసెన్సులైనా పోగేసుకునే సందు వదిలారు. పెద్ద పెట్టుబడి దిగింది. సరుకు పోటెత్తింది, ధర కుప్పకూలింది. పండించినదాని మీద ఔన్సుకు, అంటే సుమారు 28 గ్రాములకు, 10 డాలర్లకు పైగా సాగు పన్ను ఉండేది. ధర పడినా పన్ను తగ్గలేదు. 2022 జూలైలో ఆ పన్ను ఎత్తేసే నాటికే ఎందరో చిన్న రైతులు సాగు మానేశారు. టమాటాలో, ఉల్లిలో మనం చూసేది ఇదే కదా. మార్కెట్టు చేతిలో లేని రైతుకు పంట మారితే కష్టాలు మారవు.

ఇక మన దేశం సంగతి. ఇక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. 20వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పొలంలోనా, మేడ మీదా, టెంటులోనా అన్న తేడా లేదు. ఇన్ని మొక్కల దాకా ఫరవాలేదన్న వెసులుబాటూ లేదు. 20 కిలోలకు మించి గంజాయి దొరికితే పదేళ్లకు తగ్గని శిక్ష, బెయిలు రావడమూ కష్టం. తెలిసి ఇల్లో పొలమో ఇచ్చినవాళ్లకు 25వ సెక్షన్ ఉంది. మీరు సాగు చేసే భూమిలో మొక్క కనబడితే, అది మీదేనన్న అనుమానంతోనే కోర్టు మొదలుపెడుతుంది. కాదని చూపించుకోవాల్సిన భారం మీ మీద పడుతుంది. కాబట్టి కౌలుకిచ్చేవాళ్లు, కౌలుకు తీసుకునేవాళ్లు ఇద్దరూ కాగితం రాసుకోండి. మీ పొలంలో ఎవరైనా ఈ మొక్కలు వేసినట్టు కనబడితే వెంటనే అధికారులకు చెప్పండి. అలా చెప్పడం చట్టం భూమి ఉన్నవాళ్ల మీద పెట్టిన బాధ్యత.

ఈ చట్టం ఎవరి మెడకు చుట్టుకుంటుందో మన ఏజెన్సీలో చూశాం. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు బయటి వ్యాపారులు వచ్చి శీలావతి విత్తనమిచ్చి, అడ్వాన్సు ఇచ్చి ఆదివాసీలతో పండించారు. 2021లో ఆపరేషన్ పరివర్తన్ పేరుతో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికించారు. కేసుల్లో ఇరుక్కున్నది ఎక్కువగా పండించినవాడు, మోసినవాడు. పెట్టుబడి పెట్టినవాడు మరో రాష్ట్రంలో హాయిగా ఉన్నాడు. వాయిదాలకు తిరగలేక, జామీను దొరకక ఆదివాసీ కుటుంబాలు చితికిపోయాయి. టెంటు ఆశ చూపించేవాడూ అంతే. విత్తనం అమ్ముకుంటాడు, దీపం అమ్ముకుంటాడు. పట్టుబడిన రోజు ఫోను ఎత్తడు.

మరో మోసం కూడా ఉంది. "ఇది గంజాయి కాదు, హెంప్. నారకు, గింజకు పెంచేది" అంటూ వచ్చేవాళ్లున్నారు. హెంప్ నిజంగానే ఉంది. మత్తు పదార్థం 0.3 శాతానికి మించని రకాలకు ఉత్తరాఖండ్ లైసెన్సులు ఇస్తోంది. చట్టంలో అందుకు వీలుంది. కానీ ఆ అనుమతి ప్రభుత్వం ఇవ్వాలి, ఏజెంటు కాదు. మీ పేరున, మీ సర్వే నంబరు మీద లైసెన్సు కాగితం చేతికి రాకుండా ఒక్క గింజ కూడా కొనకండి.

అయితే వద్దని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. కాఫీ వేసుకోమంటున్నారు. మంచిదే, అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పటిదాకా ఆ కుటుంబం ఏం తినాలి? కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. గంజాయి మానుకున్న కుటుంబాలకు కాఫీ, మిరియాలు చేతికొచ్చేదాకా నెలవారీ సాయం ఇవ్వాలి. పసుపు, రాగులు, రాజ్‌మా గిట్టుబాటు ధరకు కొనాలి. కూలికి మోసిన ఆదివాసీలకు ఉచిత న్యాయ సహాయం అందాలి. తెర వెనక పెట్టుబడి పెట్టినవాళ్ల మీద కేసులు పెట్టాలి. మైదానంలో కౌలు రైతులందరికీ గుర్తింపు కార్డు, బ్యాంకు అప్పు దక్కాలి.

ఆ కుర్రాడు లెక్కంతా విని, "మరి మా అప్పు సంగతేంటి బాబాయ్?" అన్నాడు. దానికి నా ఒక్కడి దగ్గర జవాబు లేదు. వాళ్ల నాన్నను తీసుకుని సంఘం ఆఫీసుకు రమ్మన్నాను. కౌలు కార్డుకు దరఖాస్తు రాయించాం, వడ్డీ వ్యాపారి దగ్గరికి నలుగురం కలిసి వెళ్లి గడువు అడిగాం. రెండు నెలలు ఇచ్చాడు. అప్పు తీరలేదు. కానీ ఆ పిల్లవాడు ఇంట్లోనే ఉన్నాడు, జైల్లో లేడు. ఇలాంటి వీడియో చూసి ఆశపడుతున్న పిల్లలు మీ ఊళ్లలోనూ ఉంటారు. ఇక్కడి నుంచి వెళ్లగానే వాళ్లను పలకరించండి. ఏజెంటు వాళ్ల గుమ్మం తొక్కకముందే మనం వెళ్లాలి.