గోదాము కారుతుంటే అద్దె ఆపవచ్చునా?



గోదామో, పాత ఇల్లో నెలకింతని అద్దెకు తీసుకుని ధాన్యం, వేరుశెనగ నిలవచేసుకునేవారు మీలో చాలామంది ఉంటారు. తొలకరి జల్లు పడగానే పైరేకు కారుతుంది. గోడవారనున్న బస్తాలు తడుస్తాయి. యజమానితో చెబితే "చూద్దాం లెండి" అంటాడు. రెండు నెలలైనా ఆ చూడడం కనబడదు. మనవాడికి కోపం వస్తుంది. "బాగుచేసిందాకా పైసా ఇవ్వను" అని భీష్మించుకు కూర్చుంటాడు.

కోపం న్యాయమైనదే. పని మాత్రం ప్రమాదం. అద్దె ఆపారా, యజమాని తప్పు పక్కకుపోయి మీ తప్పు ముందుకొస్తుంది. కోర్టులో అతడు కప్పు సంగతి ఎత్తడు. "అద్దె బాకీపడ్డాడు, ఖాళీ చేయించండి" అంటాడు. సరుకు లోపలుండగా ఖాళీ చేయవలసి వస్తే బస్తాలు ఎక్కడికి తోలుతారు?

మరి దారి లేదా? ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను, (ఎఫ్) క్లాజు. యజమాని తాను చేయించవలసిన మరమ్మతును, నోటీసు అందాక సబబైన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవారే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చును. అద్దె ఎగవేయమనలేదు సుమా! ఖర్చయినంత మేరకే.

"తాను చేయించవలసిన" అన్న మాటలోనే ఉంది మెలిక. కప్పు బాగుచేయించే భారం యజమానిదేనని చట్టం తనంతట తాను చెప్పదు. అది ఒప్పందంలో ఉండాలి. కాబట్టి అద్దె కాగితం రాసుకునేటప్పుడే "కప్పు, గోడలు యజమాని బాగుచేయించవలెను" అన్న ఒక్క వాక్యం పడేటట్టు చూసుకోండి. ఏడాదికి మించిన గడువైతే ఆ కాగితం రిజిస్టరు కావాలి.

నోటీసుకు వకీలు భాష అక్కరలేదు. ఏ గోదాము, ఎక్కడ కారుతున్నది, ఎప్పటినుంచి, ఎన్నాళ్లలో బాగుచేయాలి, ఇంతే. వానల్లో కారే కప్పుకూ, సున్నం రాలిన గోడకూ ఒకే గడువు పెడితే సబబుకాదు. 2025లో రిజిస్టరు తపాలాను స్పీడ్ పోస్టులో కలిపారు గనుక అందులో పంపి, రసీదు, నకలు దాచుకోండి. గడువు దాటితే ఇద్దరు మేస్త్రీల చేత అంచనా వేయించి, పని చేయించి, బిల్లులు భద్రపరచండి. మిగతా అద్దెను తేదీ తప్పకుండా బ్యాంకు ద్వారా కట్టండి. అద్దె చట్టాలు రాష్ట్రాన్నిబట్టి మారతాయి. ఖర్చు పెద్దదైతే చేయించేముందు మండల న్యాయసేవల కమిటీలో అడగండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి, తక్కువ ఆదాయం గలవారికి అక్కడ సలహా ఉచితం.

కౌలు చేను మాట వేరు. అదే చట్టంలోని 117వ సెక్షను ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం ప్రకటిస్తే తప్ప, ఈ నిబంధనలు సేద్యపు కౌళ్లకు వర్తించవు. గోదాము వాదం చేలో చెల్లుతుందనుకుని మక్తాలో కోత పెట్టకండి. బోరు మోటారు కాలితే ఖర్చెవరిది, తెగిన గట్టు ఎవరు వేయించాలి అన్నది విత్తనం వేయకముందే తేల్చి రాసుకోవాలి. చాలామంది మొహమాటపడి ఇదే వదిలేస్తారు.

ఈలోగా బస్తాలను గోడకు ఒకటిన్నర అడుగు ఎడంగా, చెక్కలమీద పేర్చండి. తడిసిన వేరుశెనగను పొడి కాయలో కలపవద్దు. బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు, అది పశువుల దాణాకూ పనికిరాదు. పారవేసేముందు తడిసిన బస్తాలకు తేదీతో ఫోటో తీయించి ఉంచండి, నష్టం అడగవలసివస్తే చూపవచ్చు.