వంగితేనే తెలిసే నడుము

ఈరోజు మీరు రేడియోగ్రఫీ పట్టాలు అందుకుంటున్నారు.

రేపటి నుంచి మీ చేతుల మీదుగా వెళ్లే ఒక పరీక్ష గురించే మాట్లాడతాను. పేషెంటును నిలబెట్టి, ముందుకు వంచి ఒకటి, వెనక్కి వంచి ఒకటి, పక్క నుంచి తీసే నడుము ఎక్స్‌రేలు. స్వీడన్ వైద్యుడు క్నుట్‌సన్ 1944లోనే రాసిన పద్ధతి ఇది. ఎమ్మారై వచ్చాక కూడా దీని అవసరం తీరలేదు. ఎమ్మారైలో మనిషి పడుకుని ఉంటాడు. నిలబడితే జారే పూస, పడుకుంటే చాలాసార్లు తన చోటికి సర్దుకుంటుంది. వయసు మళ్లిన ఆడవాళ్లలో నాలుగు, ఐదు నడుము పూసల మధ్య వచ్చే జారుడు ఇలాగే దొరక్కుండా పోతుంది.

పూస ఎంత కదిలితే అస్థిరం? వెన్నెముక పరిశోధకులు అగస్టస్ వైట్, మనోహర్ పంజాబీ చెప్పిన హద్దు 4.5 మిల్లీమీటర్లు, లేదా పూస ముందువెనుకల కొలతలో 15 శాతం. 3 మిల్లీమీటర్లు దాటితే చాలనేవారూ ఉన్నారు. ఆపరేషన్ అవసరమా కాదా అనే చర్చ ఇంత చిన్న కొలత మీద నడుస్తుంది. పేషెంటు కాస్త పక్కకు తిరిగినా పూస అంచు రెండు గీతలుగా పడుతుంది, కొలత చెడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు నొప్పి. నొప్పికి జడిసి సగమే వంగిన నడుములో కండరాలు బిగుసుకుని పూసను కదలనివ్వవు. రిపోర్టులో నార్మల్ అని పడుతుంది. ఆ కాగితం పట్టుకుని ఇంటికెళ్లిన అమ్మ మళ్లీ బిందె ఎత్తుతుంది.

బయట ఎంత పెద్ద క్యూ ఉన్నా ఒక్క నిమిషం ఆగండి. పట్టుకోవడానికి ఆసరా ఇవ్వండి. "అమ్మా, మీకు వీలైనంత వంగండి, తొందరేం లేదు" అనండి. బలవంతంగా వంచకండి, దెబ్బ తగిలి వచ్చినవాళ్లను డాక్టరు చెప్పకుండా అసలే వంచకండి. గర్భం ఉందేమో అడగకుండా బటన్ నొక్కకండి. నడుము ఎక్స్‌రేలో పడే రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కన్నా చాలా ఎక్కువ.

పూర్తిగా వంగలేకపోతే, "నొప్పి వల్ల సగమే వంగారు" అని మీ చేత్తో రాసి పంపండి. ఎక్స్‌రే చదివే డాక్టరుకు ఆ సంగతి చెప్పగలిగేది మీరొక్కరే.