పదవి దిగిన తరువాత



వైద్య వృత్తి నుండి మంత్రి పదవికి వెళ్లినవారిని గూర్చి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ సుశీలా నయ్యర్ గారిని ఎన్నుకొన్నాను.

ఆమె 1914లో పంజాబులో జన్మించారు. ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో చదివి, గాంధీగారికి వైద్యురాలయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమకాలంలో పూనాలోని ఆగాఖాన్ భవనంలో ఆయనతోపాటు నిర్బంధంలో ఉన్నారు. 1942 ఆగస్టు 15న మహదేవ దేశాయి, 1944 ఫిబ్రవరి 22న కస్తూరిబా అక్కడే కన్నుమూశారు. తన చేతిలోని వైద్యానికి హద్దులున్నాయని ఆమెకు అప్పుడే తెలిసి ఉంటుంది. 1945లో సేవాగ్రాంలో కస్తూరిబా పేరున ఆసుపత్రి ప్రారంభించారు.

1952లో ఢిల్లీ రాష్ట్ర ఆరోగ్య మంత్రి అయ్యారు. 1957లో ఝాన్సీ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1962 నుండి 1967 వరకు కేంద్ర ఆరోగ్య మంత్రిగా పనిచేశారు.

మంత్రి చేయగల మేలు ఎంత? మలేరియాను చూడండి. 1947లో దేశంలో ఏటా సుమారు 7.5 కోట్లమందికి ఆ జ్వరం వచ్చేదని అంచనా. ఆమె పదవికి ముందే మొదలైన నిర్మూలన కార్యక్రమం వలన 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఒక వైద్యుడు జన్మమంతా మందిచ్చినా అంతమందిని కాపాడలేడు. అయితే 1976లో అవే కేసులు 64 లక్షలు దాటాయి. పల్లెలో మెలకువగా పనిచేసే మనిషి లేకపోతే ఢిల్లీలో సంతకం ఎంతకాలం నిలుస్తుంది?

పదవి పోయిన తరువాత ఆమె చేసిన పని ఈ ప్రశ్నకు జవాబువలె నాకు తోస్తుంది. 1969లో సేవాగ్రాంలోనే మహాత్మాగాంధీ వైద్య విజ్ఞాన సంస్థను స్థాపించారు. అక్కడి విద్యార్థులు ఖద్దరు ధరిస్తారు. ప్రతి తరగతివారు ఒక పల్లెను దత్తు తీసుకొని, కొన్నాళ్లు అక్కడే నివసించి, ఇంటింటి యోగక్షేమాలు తెలుసుకొంటారు. 1977లో ఆమె మరల లోక్‌సభకు వెళ్లినా సేవాగ్రాంను విడువలేదు. 2001 జనవరి 3న అక్కడే తుదిశ్వాస విడిచారు.

పెద్దలారా, మన బిడ్డ డాక్టరు కావాలని మనమందరం కోరుకొంటాం. చదువు ముగించి, "నాన్నా, నేను పల్లెకు పోతాను" అంటే ఎందరం సంతోషిస్తాం? ఈ ప్రశ్నను నాకూ వేసుకొంటూ, మీ వద్ద సెలవు తీసుకొంటున్నాను.