డ్వెల్ అంటే ఉండటమేనా? అసలు కథ వేరే ఉంది

ఇవాళ ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట. డ్వెల్.

డిక్షనరీలో చూస్తే "నివసించు, ఉండు" అని ఉంటుంది. మాటల్లో దీన్ని ఎవరూ పెద్దగా వాడరు. "ఐ డ్వెల్ ఇన్ కూకట్‌పల్లి" అని మీ ఫ్రెండ్‌తో అని చూడండి, నాటకంలో డైలాగ్ చెప్తున్నావా అంటాడు. అక్కడ లివ్ చాలు. కానీ ఈ మాట మీ ఫోన్‌లో రోజంతా డ్యూటీ చేస్తోంది. ఆ సంగతికి వస్తా. ముందు ఇది ఎక్కడ పుట్టిందో చూద్దాం, మజా అంతా అక్కడే ఉంది.

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో దీని రూపం డ్వెల్లన్. అర్థం ఏంటో తెలుసా? దారి తప్పించడం. మోసం చేయడం. అవును, ఇల్లూ వాకిలీ ఏమీ లేవు అందులో!

మరి అక్కడి నుంచి "నివసించు" దాకా ఎలా వచ్చింది? మీరే ఊహించుకోండి. ఒకడిని పక్కదారి పట్టించారు. వాడికి లేట్ అయింది. లేట్ అయ్యి మధ్యలో ఆగిపోయాడు. ఆగినవాడు అక్కడే ఉండిపోయాడు. మాట కూడా అలాగే నడిచింది: తప్పించడం, ఆలస్యం చేయడం, ఆగడం, చివరికి కాపురం ఉండటం. ఇందులో వైకింగుల చెయ్యి కూడా ఉంది. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండ్‌లో స్థిరపడిన వాళ్ల భాషలో దీనికి చుట్టమైన మాట ఒకటుంది, దానికి ఆగు, ఆలస్యం చేయు అని అర్థం. ఆ ప్రభావంతో ఇంగ్లిష్ మాట కూడా అటువైపు జరిగింది. డచ్ వాళ్లు మాత్రం పాత వాసన వదల్లేదు. వాళ్ల ద్వాలెన్‌కి ఇప్పటికీ దారి తప్పి తిరగడం అనే అర్థం.

మధ్యలో ఒక చిన్న సంగతి. స్టే అనే మాట ఉంది కదా, అది ఫ్రెంచ్ మీదుగా లాటిన్ స్టారే నుంచి వచ్చింది, అంటే నిలబడటం. సంస్కృతంలో స్థా దాని తోబుట్టువు. మనం "చుట్టాలు వచ్చి తిష్ఠ వేశారు" అంటాం చూడండి, ఆ తిష్ఠ కూడా ఆ ఇంటిదే.

ఇప్పుడు ఫోన్‌కి వద్దాం. డ్వెల్ టైమ్ అని ఒక లెక్క ఉంది. ఒక పోస్ట్ దగ్గర మీరు ఎన్ని సెకన్లు ఆగారు అనేది. లింక్డ్‌ఇన్ ఇంజినీర్లు 2020లో దీన్ని ఫీడ్ ర్యాంకింగ్‌కి ఎలా వాడుతున్నారో తమ బ్లాగులో రాశారు కూడా. లైక్ కొట్టక్కర్లేదు, కామెంట్ పెట్టక్కర్లేదు. బొటనవేలు ఆగితే చాలు, అది ఒక సిగ్నల్.

ఇక్కడే నాకు చిరాకు. యాక్సిడెంట్ వీడియో వస్తుంది. మీకు నచ్చదు, కడుపులో తిప్పేస్తుంది, అయినా కళ్లు అతుక్కుపోతాయి. టైమర్‌కి ఇష్టం, అసహ్యం తేడా తెలీదు. దానికి కనిపించేది పన్నెండు సెకన్లు, అంతే. దాన్ని మాత్రమే నమ్మిన సిస్టమ్ అలాంటివే ఇంకో నాలుగు తెచ్చి పెడుతుంది. మీరేమో దారి తప్పి, అక్కడే కాపురం పెట్టేస్తారు. వెయ్యేళ్ల నాటి అర్థం మళ్లీ బతికొచ్చినట్టే. కాబట్టి అలాంటిది కనిపిస్తే కింద తిట్టడానికి కూడా ఆగకండి. "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కి వెళ్లిపోండి.

వాడుక విషయానికొస్తే, డ్వెల్ ఇన్ అంటే ఒక చోట ఉండటం. డ్వెల్ ఆన్ అంటే ఒక విషయాన్నే పట్టుకుని ఆలోచిస్తూ కూర్చోవడం. ఇంటర్వ్యూ పోయింది, రాత్రి రెండింటికి కూడా అదే బుర్రలో తిరుగుతోంది. అప్పుడు ఫ్రెండ్ అంటాడు, "డోంట్ డ్వెల్ ఆన్ ఇట్". అదే పట్టుకుని కూర్చోకురా అని. ఇది మాత్రం బాగా వాడుకలో ఉన్న మాట, ధైర్యంగా వాడండి. పాస్ట్ టెన్స్‌లో డ్వెల్ట్, డ్వెల్డ్ రెండూ కరెక్టే.

పోయే ముందు ఒకటి. ఇంగ్లిష్‌లో డి, డబ్ల్యూతో మొదలయ్యే మామూలు మాటలు చాలా తక్కువ. డ్వెల్, డ్వార్ఫ్, డ్విండిల్. ఇంకోటి తడితే కామెంట్‌లో పెట్టండి, గూగుల్ చూడకుండా. బై!